రాయని తెలిసినా ముసుగులాగే కనిపిస్తుంది, ఎందుకు?

రాధిక (మలక్‌పేట)
శనివారం రాత్రి 9:10

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ మనలో చాలామంది చూసే ఉంటారు. ఇటలీ శిల్పి జియోవన్నీ మారియా బెంజోని చెక్కింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ నుంచి తెచ్చుకున్నారు. ఈమధ్య మా అక్క కూతుర్ని తీసుకెళ్లాను. తొమ్మిదో తరగతి చదువుతోంది. చాలాసేపు ఆ బొమ్మ ముందు నిలబడి, అటు తిరిగి ఇటు తిరిగి చూసి ఇలా అడిగింది:

"పిన్నీ, ఇదంతా ఒకే రాయని నాకు తెలుసు. ముసుగూ లేదు, ముసుగు వెనకాల మొహమూ లేదు. అయినా నాకు పల్చటి తడిబట్టలాగే కనిపిస్తోంది. తెలిసిపోయాక కూడా ఎందుకు మారట్లేదు?"

శిల్పి గొప్పతనం అని ఏదో చెప్పాను గానీ అది జవాబు కాదని ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. తెలియకపోతే పొరబడ్డాం అనుకోవచ్చు. తెలిసీ అలాగే కనిపిస్తుంటే మనం చూస్తున్నది వస్తువునా, లేక మనమే తయారు చేసుకున్న ఇంకోదాన్నా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. పాప కూడా పక్కన కూర్చుని చదువుతుంది.

వెంకట్ (ఉప్పల్)
రాత్రి 9:24

అంతా మాయే అని మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పేశారు అక్కా. ఇప్పుడు లోకమంతా కంప్యూటర్ సిమ్యులేషన్ అంటున్నారు, రెండూ ఒకటే. కళ్లకు కనిపించేది ఏదీ నిజం కాదు. ఆ ఒక్క ముక్క చాలు, ఇక చర్చించడానికి ఏముంది?

అనూష (ఆప్టోమెట్రిస్ట్)
రాత్రి 10:02

రాధికగారూ, నేను రోజూ కళ్లు పరీక్షించే పనిలో ఉన్నాను కాబట్టి కంటి వైపు నుంచి చెబుతాను.

కంట్లోకి వెళ్లేది వెలుతురు ఒక్కటే. ఇది బట్ట, ఇది రాయి, ఇది చెంప అని ఆ వెలుతురు మీద ఎక్కడా రాసి ఉండదు. కంటి వెనక ఉండే రెటీనా పొర మీద పడేది చదునైన, తలకిందులైన బొమ్మ. ఇక్కడ వెలుగు ఎక్కువ, అక్కడ తక్కువ, ఇదీ రంగు, అంతవరకే అందులో ఉంటుంది. లోతు, మెత్తదనం, పల్చదనం ఇవన్నీ మెదడు అందులోంచి లెక్కగట్టి తీసేవి.

బెంజోని ఆ లెక్క ఎలా జరుగుతుందో చేతులతో నేర్చుకున్న మనిషి. ముక్కు, పెదవులు, గడ్డం దగ్గర రాయిని నున్నగా, మెల్లగా వంపు తిప్పాడు. దాని మీదుగా సన్నటి మడతలు నిలబెట్టాడు. కింద ఉన్న ఆకారం ఎలా ఉన్నా పట్టించుకోకుండా ఒక మడత గీత దాని మీదుగా సాగిపోతే, అక్కడ రెండు పొరలున్నాయనీ పైది పల్చనిదనీ మెదడు తేల్చేస్తుంది. నిజం బట్టల విషయంలో ఆ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పదు. పైగా పాలరాతిలోకి వెలుతురు కొంచెం దిగి, లోపలే చెదిరి బయటికొస్తుంది. అందుకే సున్నపు గోడలా కాకుండా ఒంటి చర్మంలా మెత్తగా ఉంటుంది.

పాప ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఈ పనంతా మన అనుమతి అడగకుండా, రెప్పపాటులో జరిగిపోతుంది. 'ఇది రాయి' అన్న తెలివి దగ్గరికి సంగతి చేరేసరికి బొమ్మ కట్టడం పూర్తయిపోయి ఉంటుంది. వెనక్కి వెళ్లి దాన్ని విప్పే అధికారం ఆ తెలివికి లేదు. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చూపు అంటే మనకు తెలియకుండా మనం చేసే ఊహ అన్నాడు. ఆయన మాట ఇప్పటికీ నిలబడే ఉంది.

వెంకట్ గారూ, ఊహ అన్నంత మాత్రాన అబద్ధం అని కాదు. ఆ ఊహ సరిగ్గా ఉండబట్టే మీరు బండి నడుపుతున్నారు.

నల్లకుంట శాస్త్రి
ఆదివారం ఉదయం 6:15

వెంకట్ బాబూ, ఒక్క మాటతో తేల్చేస్తే శంకరులకు అన్యాయం చేసినట్టే. ఈ విషయం మీద మనవాళ్లు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. నేను దర్శనాలు చదువుకుని, పాఠం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

అద్వైతంలో సత్యానికి మూడు స్థాయిలున్నాయి. తాడును చూసి పాము అనుకుంటే ఆ పాము ప్రాతిభాసికం, ఆ ఒక్క మనిషికి, ఆ కాసేపే. తాడు, ఇల్లు, అన్నం, ఆస్పత్రి బిల్లు ఇవన్నీ వ్యావహారికం, అందరికీ ఒకేలా పనిచేస్తాయి. బ్రహ్మం ఒక్కటే పారమార్థికం. మూడో స్థాయి నుంచి చూసినప్పుడే రెండోది మిథ్య. దాన్ని తెచ్చి మొదటిదాంతో కలిపేసి తాడూ పామూ ఒకటే అంటే, అది అద్వైతం కాదు. ఔషధం పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు అద్వైతి కూడా వైద్యుణ్నే అడుగుతాడు.

ఇక ఆ పిల్ల అడిగినదానికి వస్తాను. ఆ ప్రశ్న చూసి రాత్రి నాకు నిజంగా ఆనందం వేసింది. తెలిశాక కూడా ఎందుకు మారదు? ఇది వేదాంతులు పనిగట్టుకుని విడదీసి చూపించిన విషయం. భ్రమలు రెండు రకాలు. నిరుపాధిక భ్రమ ఒకటి. దీపం తెచ్చి తాడు అని తెలుసుకున్న క్షణాన పాము ఉండదు, మళ్లీ చూద్దామన్నా కనిపించదు. సోపాధిక భ్రమ రెండోది. తెల్లటి స్ఫటికం పక్కన మందారపువ్వు పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. తెల్లదేనని ఎంత గట్టిగా తెలిసినా పువ్వు అక్కడ ఉన్నంతసేపూ ఎరుపు పోదు. ఎండమావి కూడా ఈ జాతిదే. ఎండాకాలం మధ్యాహ్నం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎవరికైనా కనిపిస్తుంది. నీళ్లు కావని తెలుసు, అయినా తళతళలాడుతూనే ఉంటాయి.

రెబెకా ముసుగు ఈ రెండో రకం. జ్ఞానం వచ్చాక లోకం కనిపించడం ఆగిపోతుందని అద్వైతులు చెప్పలేదు. ఎండమావి ఎండమావిగానే కనిపిస్తుంది, దాహంతో దానివైపు పరిగెత్తడం ఆగుతుంది. అనూషమ్మ చెప్పిన కంటి శాస్త్రం నాకు ఇక్కడికే వచ్చి చేరినట్టుంది.

యూసుఫ్ (మ్యాచింగ్ సెంటర్, సికింద్రాబాద్)
ఉదయం 11:40

శాస్త్రిగారూ, స్ఫటికం మాట చదివి ఆగలేక రాస్తున్నాను. మాది మా నాన్నగారి కాలం నుంచి మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తారు, దానికి జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్ కలిపి ఇవ్వాలి. మా వ్యాపారమంతా రంగు మీదే.

ట్యూబ్‌లైట్ కింద చీర మీద ముక్క పరిస్తే ఏది చీరో ఏది ముక్కో తెలియనంతగా కలిసిపోతుంది. గుమ్మం దాటి ఎండలోకి తీసుకెళ్లగానే రెండూ విడిపోతాయి. ఒకటి కొంచెం ఎరుపు వైపు వెళ్లిపోతుంది, ఇంకోటి నీలం వైపు. వంగపండు రంగు, నెమలికంఠం, బూడిద రంగుల్లో ఇది మరీ ఎక్కువ. పట్టు చీరకు కాటన్ ముక్క కలిపేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ నూలు వేరు, అందులో దిగిన రంగు వేరు. అందుకే పెద్దావిడలు ఎవరొచ్చినా "బయట వెలుతురులో చూపించు బాబూ" అంటారు. కత్తెర పెట్టకముందు గుమ్మం దగ్గర చూపించాలనేది నాన్నగారు నాకు నేర్పిన మొదటి పాఠం.

షాపులో ఒకటిగా ఉన్నవి బయట రెండయ్యాయి. షాపులో చూసింది అబద్ధమా? నా కళ్లతో చూశాను, కస్టమర్ కూడా చూసింది, ఇద్దరం ఒప్పుకున్నాం. ఇద్దరు ఒప్పుకున్నా అది నిజం కాలేదు కదా. ఆ ముక్కకు అసలు రంగు ఏది?

రమణ (ఫిజిక్స్ లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్)
మధ్యాహ్నం 12:30

యూసుఫ్ భాయ్, మీరు చెప్పినదాన్ని మా పుస్తకాల్లో మెటామెరిజం అంటారు. మన కంట్లో రంగు పట్టే కోన్ కణాలు మూడు రకాలే. వెలుతురులో ఎన్ని తరంగదైర్ఘ్యాలున్నా వాటిని కన్ను మూడు అంకెలకు కుదించేస్తుంది. రెండు వేరు వేరు అద్దకాలు ఒక లైటు కింద అవే మూడు అంకెలు ఇస్తే కంటికి ఒకే రంగు. లైటు మారితే అంకెలు మారిపోతాయి, తేడా బయటపడుతుంది. అసలు రంగు ఏదన్న ప్రశ్నకు తర్వాత వస్తాను, అది అంత తేలిగ్గా తెగేది కాదు.

పాప చేసి చూడటానికి ఒకటి చెబుతాను. తెల్ల కాగితం మీద ఎడమవైపు చిన్న ప్లస్ గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో నల్లటి చుక్క పెట్టాలి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి, దూరానికి జరపాలి. దాదాపు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఆప్టిక్ నరం కంట్లోంచి బయటికి వెళ్లే చోట వెలుతురు పట్టే కణాలు ఉండవు, అందుకని. ఫ్రాన్స్‌లో మారియట్ 1660లలోనే ఇది కనిపెట్టాడు. చుక్క పోయిన చోట మనకు నల్లటి రంధ్రమేమీ కనిపించదు, తెల్ల కాగితమే కనిపిస్తుంది. చుక్క మీదుగా ఒక గీత గీసి మళ్లీ చూస్తే, చుక్క పోయిన చోట కూడా గీత తెగకుండా కనిపిస్తుంది. ఆ ముక్క గీత ఎక్కణ్నుంచి వచ్చింది? మెదడు గీసింది. జీవితమంతా గీస్తూనే ఉంటుంది.

కిరణ్ (డబ్బింగ్, కృష్ణానగర్)
మధ్యాహ్నం 2:15

చెవి గురించి కూడా చెప్పాలి కదా అన్నా. నేను డబ్బింగ్ డైలాగులు రాస్తాను. వేరే భాష సినిమాకి తెలుగు రాసేటప్పుడు మాకు అసలు టెన్షన్ అర్థం గురించి కాదు, పెదవుల గురించి. ప, ఫ, బ, భ, మ అనేటప్పుడు పెదవులు మూసుకుంటాయి. తెరమీద మూసుకున్న చోట తెలుగులో కూడా వీటిలో ఒకటి పడాలి, ముఖ్యంగా క్లోజప్‌లో. మిగతా అక్షరాలు అటూ ఇటూ అయినా జనం క్షమిస్తారు. ఇది తప్పితే మాత్రం, ఏం తప్పిందో చెప్పలేకపోయినా, గొంతు ఆ మనిషిది కాదని వెంటనే తెలిసిపోతుంది.

ఎందుకిలా అని వెతికితే 1976 నాటి ఒక ప్రయోగం దొరికింది. మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 'గ' అంటున్న మనిషి వీడియోకి 'బ' శబ్దం కలిపారు. చూసినవాళ్లలో ఎక్కువమందికి 'ద' వినిపించింది! కళ్లు మూసుకుంటే 'బ', తెరిస్తే మళ్లీ 'ద'. ఇలాంటిది స్టూడియోలో నేనే కలిపి చూశాను. ట్రాక్‌లో ఉన్నది 'బ' అని నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. అయినా 'ద' అనే వినిపిస్తుంది. శాస్త్రిగారు చెప్పిన రెండో రకం భ్రమే కదా ఇది.

థియేటర్‌లో కూడా అంతే. గొంతు వచ్చేది స్పీకర్‌లోంచి. మనకు వినిపించేది హీరో నోట్లోంచి.

వెంకట్ (ఉప్పల్)
సాయంత్రం 5:05

శాస్త్రిగారూ, మూడు స్థాయిల సంగతి నాకు కొత్త, థాంక్స్. కానీ రమణ సార్‌ని ఒకటి అడగాలి. క్వాంటమ్‌లో మనం చూస్తేనే వస్తువు తయారవుతుందంటారు కదా? 2022 ఫిజిక్స్ నోబెల్ కూడా దానికే అని ఎన్నో వీడియోల్లో విన్నాను. అంటే చూసేవాడు లేకపోతే లోకం లేనట్టే కదా?

రమణ (దిల్‌సుఖ్‌నగర్)
రాత్రి 8:50

వెంకట్, క్లాసులో కూడా ఇదే అడుగుతారు, మంచి ప్రశ్నే. ఆ నోబెల్ ఆస్పె, క్లౌజర్, జైలింగర్ ముగ్గురికి వచ్చింది. జాన్ బెల్ 1964లో ఒక గణిత పరీక్ష పెట్టాడు. కణాలు ప్రతి కొలతకూ జవాబు ముందే జేబులో పెట్టుకుని తిరుగుతాయనీ, దూరంగా ఉన్న ఒకదాని ప్రభావం వెలుతురుకన్నా వేగంగా ఇంకోదాన్ని చేరదనీ, ఈ రెండూ కలిపి నమ్మితే కొలతల మధ్య పొత్తు ఒక హద్దు దాటకూడదు. ప్రయోగాల్లో దాటింది. కాబట్టి ఆ రెంటినీ కలిపి పట్టుకోవడం కుదరదు. అంతవరకే తేలింది. అందులో మనిషి మనసు గురించి ఏమీ లేదు. 'చూడటం' అంటే అక్కడ పరికరంతో తాకడం. ల్యాబ్‌కి తాళం వేసి అందరూ ఇంటికెళ్లి పడుకున్నా డిటెక్టర్ రాత్రంతా రికార్డు చేస్తూనే ఉంటుంది.

నువ్వు అడిగినదాన్నే ఇద్దరు పెద్దవాళ్లు ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. 1930 జులై 14న బెర్లిన్ దగ్గర కాపుత్‌లో ఐన్‌స్టీన్ ఇంటికి టాగోర్ వెళ్లారు. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆ బల్ల అక్కడే ఉంటుందని ఐన్‌స్టీన్ అన్నాడు. ఒక్క మనిషి మనసుకు బయట ఉంటుంది, విశ్వమానవుడి మనసుకు బయట మాత్రం కాదని టాగోర్ జవాబు. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. నేను ఐన్‌స్టీన్ పక్షం. శాస్త్రిగారు ఎటో ఊహించగలను.

చూసేవాడి గురించి శాస్త్రం పట్టించుకోదని కూడా అనుకోకు. 1796లో గ్రీనిచ్ అబ్జర్వేటరీలో కిన్నెబ్రూక్ అనే సహాయకుడి ఉద్యోగం పోయింది. గడియారం టిక్కులు చెవితో వింటూ, టెలిస్కోప్‌లో తీగ మీదుగా నక్షత్రం దాటే క్షణాన్ని అతను అధికారి మాస్కెలిన్ కన్నా 0.8 సెకన్లు ఆలస్యంగా నమోదు చేస్తున్నాడని తీసేశారు. తర్వాత బెసెల్ అనే ఖగోళవేత్త ఈ సంగతి చదివి, మిగతా పరిశీలకుల లెక్కలు పోల్చి చూశాడు. ఎవరి క్షణం వాళ్లదే! కిన్నెబ్రూక్ బద్ధకస్తుడు కాడు, అతని చూపు, చెవి కలిసే తీరు అది. ఆ తర్వాత ఎవరికెంత తేడా ఉందో కొలిచి లెక్కలోంచి తీసేయడం మొదలుపెట్టారు. ఫొటో పలకలు వచ్చాక ఆ బెడద ఇంకా తగ్గింది. మన నిజామియా అబ్జర్వేటరీ అలాంటి పలకల మీదే నక్షత్రాల స్థానాలు కొలిచి అంతర్జాతీయ కేటలాగ్‌కు ఇచ్చింది. మనిషి చూపు నమ్మదగింది కాదని తెలిసి ఎవరూ టెలిస్కోపులు మూసేయలేదు. ఎంత తప్పుతుందో తెలుసుకున్నారు.

సుజాత (బోడుప్పల్)
సోమవారం ఉదయం 7:30

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మా ఇంటి విషయం ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు గానీ అనూషగారిని చూసి ధైర్యం చేస్తున్నాను.

మా నాన్నమ్మకు రెండు కళ్లలోనూ మాక్యులా (రెటీనా మధ్యభాగం) దెబ్బతిని చూపు బాగా తగ్గింది. ఎదురుగా ఉన్న నా మొహం కూడా మసక మసకగానే కనిపిస్తుంది. కొంతకాలంగా సాయంత్రం పూట హాల్లో ఆవిడకు చిన్నపిల్లలు కనిపిస్తున్నారు. పట్టులంగాలు కట్టుకుని ఉంటారట. మాట్లాడరు, ఆవిడ వైపు చూడరు, కాసేపుండి పోతారు. "లేరని నాకు తెలుసే. కానీ జరీ అంచులో పువ్వులు కూడా కనిపిస్తున్నాయి, నేనేం చేసేది" అంటుంది. నా మొహం కనిపించని ఆవిడకు ఆ జరీ కనిపిస్తోంది.

చుట్టాల్లో ఒకరు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇంకొకరు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరెత్తారు. ఆ రోజు నుంచి నాన్నమ్మ ఏమీ చెప్పడం మానేసింది. కనిపిస్తూనే ఉన్నారని ఆవిడ చూపు ఎటు పోతోందో చూస్తే నాకు తెలుస్తోంది. ఇది పిచ్చా? దయచేసి చెప్పండి.

అనూష (ఆప్టోమెట్రిస్ట్)
ఉదయం 8:05

సుజాతగారూ, డ్యూటీకి వెళ్తూ ఆగి రాస్తున్నాను. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది పిచ్చిలా లేదు. చార్ల్స్ బొనే సిండ్రోమ్ అని ఒకటుంది. చూపు బాగా తగ్గినవాళ్లలో ఇది అరుదేమీ కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన బొనే 1760లో తన తాతగారి గురించి రాశాడు. శుక్లాలతో చూపు దాదాపు పోయిన ఆ తాతగారికి మనుషులు, పక్షులు, భవనాలు కనిపించేవి. అవి లేవని ఆయనకూ తెలుసు.

జరిగేది ఇదీ. కంటి నుంచి మెదడుకు వచ్చే సమాచారం తగ్గిపోతుంది. చూపుకి సంబంధించిన మెదడు భాగం ఖాళీగా ఊరుకోదు, తనంతట తానే బొమ్మలు కడుతుంది. 1998లో లండన్ పరిశోధకులు ఇలాంటివాళ్ల మెదడు స్కాన్ చేసి చూశారు. రంగులు కనిపిస్తున్నప్పుడు మామూలుగా రంగు చూసే భాగమే పనిచేస్తోంది, మొహాలు కనిపిస్తున్నప్పుడు మొహాల భాగం. ఊహించుకోవడం వేరు, ఇది వేరు. ఆవిడ నిజంగానే చూస్తున్నారు. ఆ జరీ అంత స్పష్టంగా ఉండటానికి కారణం అది కంటి మీదుగా రాకపోవడమే. పాడైంది కన్ను, బాగున్నది మెదడు.

కంటి డాక్టర్‌కు ఈ విషయం తప్పకుండా చెప్పండి. నిర్ధారణ వాళ్లే చేయాలి. సాయంత్రం కాగానే హాల్లో లైట్లన్నీ వేయండి. వాళ్లు కనిపించినప్పుడు కళ్లు అటూ ఇటూ వేగంగా తిప్పమనండి, లేదా లేచి నాలుగడుగులు వేయమనండి. కొంతమందికి అంతటితో పోతాయి. చాలామందికి కాలక్రమేణా వాటంతటవే తగ్గుతాయి.

ఒక్క జాగ్రత్త. వాళ్ల మాటలు వినిపించినా, వాళ్లు నిజమని నమ్మడం మొదలైనా, ఉన్నట్టుండి తికమక, జ్వరం, మగత ఉన్నా, కొత్త మందు మొదలుపెట్టాక వచ్చినా ఆలస్యం చేయకుండా ఫిజీషియన్‌కు చూపించండి, దానికి వేరే కారణాలుంటాయి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు.

నల్లకుంట శాస్త్రి
ఉదయం 8:40

అమ్మా సుజాతా, 'లేరని నాకు తెలుసు' అన్న ఆవిడకన్నా వివేకం ఉన్నవాళ్లు ఈ చర్చలో ఎవరూ లేరు. తాయెత్తు వల్ల నష్టం లేదు, ఆవిడ నోరు మూయించడం వల్ల నష్టం ఉంది. ఈ సాయంత్రం పక్కన కూర్చుని లంగాల రంగులేమిటో అడుగు. భయపడాల్సిన పని లేదని మీ ఇంట్లో ఎవరో ఒకరు ఆవిడతో గట్టిగా చెప్పాలి.

సుజాత (బోడుప్పల్)
రాత్రి 9:55

అడిగాను. చాలాసేపు చెప్పింది. అనూషగారు రాసింది చదివి వినిపిస్తే, "అయితే నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారా?" అని రెండుసార్లు అడిగింది. కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మీ అందరికీ చేతులెత్తి దండం.

రాధిక (మలక్‌పేట)
మంగళవారం సాయంత్రం 6:20

సుజాతగారూ, చదివి మా ఇంట్లో అందరం సంతోషపడ్డాం. చుక్క ప్రయోగం మా అపార్ట్‌మెంట్ పిల్లలందరి చేతా చేయించింది మా అమ్మాయి. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేసింది. మెదడు ఊహించడం వల్లే చూపు వస్తుందంటే, ఆ ఊహ పుట్టుకతో వచ్చిందా, చూసి చూసి నేర్చుకున్నదా? పుట్టుగుడ్డి మనిషికి ఒక్కసారిగా చూపు వస్తే ఆ రాతి ముసుగు కనిపిస్తుందా?

అనూష (ఆప్టోమెట్రిస్ట్)
రాత్రి 9:30

ఈ ప్రశ్నకు మూడు వందల ఏళ్ల పైబడ్డ చరిత్ర ఉందని పాపకు చెప్పండి! ఐర్లండ్‌లో విలియం మొలినూ 1688లో తత్వవేత్త జాన్ లాక్‌కు రాశాడు: గోళాన్నీ ఘనాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టే పుట్టుగుడ్డికి చూపు వస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? మొలినూ భార్యకు చూపు లేదు, ఆయనకు అది ఊరికే వేసిన తర్కం కాదు.

జవాబు మన దేశంలో దొరికింది. ఎంఐటీ ప్రొఫెసర్ పవన్ సిన్హా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, చికిత్స అందక ఏళ్ల తరబడి చూపు లేకుండా ఉన్న పిల్లలకు ఢిల్లీలో ఆపరేషన్లు చేశారు. వాళ్లలో 8 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న ఐదుగురిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. చేత్తో తడిమిన వస్తువును మళ్లీ చేత్తో గుర్తుపట్టడంలో 98 శాతం సరి. కంటితో చూసినదాన్ని కంటితో గుర్తుపట్టడంలో 92. చేత్తో తడిమినదాన్ని కంటితో గుర్తుపట్టమంటే 58. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి అది దాదాపు గుడ్డిగా చెప్పినట్టే. కానీ మళ్లీ పరీక్షించగలిగిన పిల్లలు కొన్ని రోజుల్లోనే బాగా మెరుగుపడ్డారు.

అయితే అంతా నేర్చుకున్నదే అనుకోవద్దు. అదే ప్రాజెక్ట్‌లో 2015లో ఇంకోటి తేలింది. రైలు పట్టాల్లా దగ్గరపడే గీతల మధ్య రెండు సమానమైన అడ్డగీతలు పెడితే మనకు పైది పెద్దదిగా కనిపిస్తుంది. కొత్తగా చూపు వచ్చిన పిల్లలకు కట్టు విప్పిన వెంటనే అలాగే కనిపించింది! ఏళ్ల అనుభవం లేకుండానే ఆ భ్రమ సిద్ధంగా ఉంది.

కాబట్టి రెబెకా విషయంలో నా అంచనా ఇది, అంచనా మాత్రమే. మడతలు, వంపులు కనిపిస్తాయి. అది బట్ట అనిపించడానికి మాత్రం బట్టను కట్టి, తడిపి, ఆరేసి చూసిన కళ్లు కావాలి. చేత్తో తడిమే మనిషికైతే అక్కడ ముసుగన్నదే లేదు, గట్టి రాయి, దాని మీద గట్లు. చేతిని ఈ శిల్పి మోసం చేయలేడు.

యూసుఫ్ (మ్యాచింగ్ సెంటర్, సికింద్రాబాద్)
రాత్రి 10:45

రమణ సార్ అసలు రంగు సంగతి బాకీ పడ్డారు. నేనే ఒకటి చేర్చుతాను. ఒకసారి మాకు సరుకు వేసే మిల్లువాళ్ల దగ్గర రంగులు చూసే లైట్ బాక్స్ చూశాను. ఒక స్విచ్ నొక్కితే షాపు వెలుతురు, ఇంకోటి నొక్కితే ఇంటి బల్బు, మూడోది డీ65, అంటే పగటి వెలుతురు. పగలంటే ఇదీ అని అంతర్జాతీయంగా ఒక కొలత పెట్టుకున్నారట. నేను ఇన్నేళ్లూ ఎండే అసలు అనుకున్నాను. పొద్దున్న ఎండ వేరు, సాయంత్రం ఎండ వేరు, మబ్బు పట్టిన రోజు వేరు. ఏది పగలో కూడా మనుషులే కూర్చుని నిర్ణయించుకున్నారు.

నల్లకుంట శాస్త్రి
బుధవారం ఉదయం 6:05

చూశారా రమణగారూ. ఏ దీపం కిందా అసలు రంగు లేదు. ప్రతిదీ చూసేవాడితోనూ వెలుతురుతోనూ ముడిపడే ఉంది.

రమణ (దిల్‌సుఖ్‌నగర్)
ఉదయం 7:15

రంగు వరకు ఒప్పుకుంటాను. రంగు బట్టలో లేదు, కంట్లోనూ లేదు, రెండూ కలిసినప్పుడు ఉంది. కానీ ఆ రెండు ముక్కలు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుతురు తిప్పికొడతాయో స్పెక్ట్రోఫొటోమీటర్‌లో పెడితే రెండు వేర్వేరు గ్రాఫులొస్తాయి. దీపాన్ని బట్టి, మనిషిని బట్టి అవి మారవు. షాపులో ఇద్దరూ ఒకటే అని ఒప్పుకున్నప్పుడు కూడా ఆ తేడా ఉంది, ఎండలోకి రాగానే మీ ఒప్పందాన్ని కాదంది. మనం అందరం కలిసి అనుకున్నదాన్ని కూడా కాదనేది ఏదో ఉంది కాబట్టే, లోకం మన మనసులకు బయట ఉందంటున్నాను.

నల్లకుంట శాస్త్రి
ఉదయం 7:50

బయట ఉందని వ్యావహారికంలో నేనూ ఒప్పుకుంటాను, దాని మీద మనకు తగువు లేదు. ఆ గ్రాఫును చూస్తున్నది ఎవరన్నది నా ప్రశ్న. సుజాత వాళ్ల నాన్నమ్మను తీసుకోండి. కన్ను చెడింది, చూపు మారింది, లేనివాళ్లు కనిపించారు. 'లేరు' అన్న ఎరుక మాత్రం చెక్కు చెదరలేదు. చూపు మారుతుంటే మారకుండా ఉండి దాన్ని గమనించింది ఏది? దాన్ని కొలిచే యంత్రం మీ దగ్గర ఉందా?

రమణ (దిల్‌సుఖ్‌నగర్)
రాత్రి 9:20

యంత్రం లేదు. కానీ ఆ ఎరుక కూడా చెక్కు చెదిరే సందర్భాలున్నాయి. మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినవాళ్లలో కొందరు తమ చెయ్యి బాగానే ఉందంటారు. ఎత్తమంటే ఎత్తాననే చెబుతారు. బుకాయింపు కాదు, వాళ్లకు నిజంగా తెలియదు. ఫ్రెంచ్ డాక్టర్ బాబిన్‌స్కీ 1914లో దీనికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడు. నాన్నమ్మగారి విషయంలో సాక్షిలా నిలబడ్డ ఆ ఎరుక, ఇక్కడ మెదడులో ఒక ముక్క దెబ్బతినగానే పోయింది. మారనిది ఏదో ఉందన్న మీ వాదానికి ఇది అడ్డు వస్తుంది. మీ జవాబు కావాలి.

నల్లకుంట శాస్త్రి
గురువారం ఉదయం 6:00

గట్టి అడ్డే. రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆ రోగికి పోయింది చెయ్యి గురించిన జ్ఞానం. 'బాగానే ఉంది' అంటున్నప్పుడు కూడా ఏదో ఒకటి తెలుస్తూనే ఉంది కదా, ఆ తెలియడం పోలేదు. దీన్ని సుషుప్తి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాలి. గాఢనిద్రలో ఏమీ తెలియలేదన్న సంగతి లేచాక మనకెలా తెలుస్తోంది అన్న చోటు నుంచి. ఇక్కడ ఇరికించే విషయం కాదు, విడిగా కొత్త చర్చ తెరుస్తున్నాను. రమణగారూ, మత్తుమందు ఇచ్చినప్పుడు మెదడులో ఏం జరుగుతుందో మీరు రాయాలి. అనూషమ్మ కూడా రావాలి. మలక్‌పేట పాపకు పరీక్షలు లేకపోతే మొదటి ప్రశ్న తననే అడగమనండి.